నాలుగో అంకె

మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దున పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. నీళ్ల ఆఫీసు కంట్రోల్ రూములో తడి గొడుగుల వాసన, పాత బ్యాటరీల పుల్లటి వాసన కలగలిసి ఉన్నాయి. వైర్ల పని చూసే ఆమె ఒక్కతే బల్ల ముందు కూర్చుంది. ఆఫీసులో అందరికీ ఆమె వదిన. పంపు ఆపరేటరుగా చేసిన ఆమె భర్త వాళ్లందరికీ అన్న మరి.

ఆరు నెలల కిందట, వరద రోజున, ఆయన జలాశయం మధ్య పంపుగదిలో చిక్కుకుపోయాడు. సెల్లు పలకని చోటు. ఒడ్డుతో మాట్లాడ్డానికి ఉన్నదల్లా ఒక్క ఫోను తీగ. అది అప్పటికి రెండ్రోజులుగా పనిచేయడం లేదు. బాగు చేయాల్సింది ఆమే. పాపకు జ్వరంగా ఉందని, సోమవారం చూద్దాంలే అనుకుంది. ఆదివారం నీళ్లొచ్చాయి. మూడో రోజు తలుపు పగలగొట్టి చూస్తే, రిసీవరు ఆయన చేతిలోనే ఉంది.

ఇప్పుడు ఆ తీగ బదులు రేడియో మోడెములు పెడుతున్నారు. ఒకటి ఆమె బల్ల మీద, రెండోది పంపుగదిలో. రెండింటికీ చానెలు, నెట్‌వర్కు నంబరు, డేటా వేగం ఒకటే ఉండాలి. ఏది తేడా వచ్చినా ఒకదాని మాట ఇంకొకదానికి అందదు. ఈ పని వేరేవాళ్లకు అప్పజెప్తానని ఇంజనీరు ఎంత చెప్పినా ఆమె వినలేదు. రెండోదాన్ని పొద్దున్నే సిద్ధం చేసి, భర్తతో కలిసి పనిచేసిన ఆపరేటరుకిచ్చి పడవలో పంపింది. అది అక్కడ బిగిస్తే, ఇక్కడ కొట్టిన అక్షరాలు అక్కడి దాకా వెళ్లి మళ్లీ ఇక్కడికే తిరిగొస్తాయి. లింకు కుదిరిందనడానికి అదే గుర్తు.

మొదట తెర మీద పిచ్చి అక్షరాలు పడ్డాయి. వేగం సరిచేసింది. తెర తేటపడింది.

1 2 3 అని కొట్టింది. 1 2 3 అని తిరిగొచ్చింది. మనసు కాస్త కుదుటపడింది. ఎందుకైనా మంచిదని మళ్లీ ఆ మూడే కొట్టింది. ఈసారి తిరిగొచ్చినవి నాలుగు.

1 2 3 4.

వేలు జారిందేమో అనుకుంది. ఇంకోసారి కొట్టబోతుండగా సెల్లు మోగింది. ఆపరేటరు. పడవ ఇంజను మొరాయించిందట, ఇంకా ఒడ్డునే ఉన్నాడట.

"మోడెము ఇంకా అట్టపెట్టెలోనే ఉంది వదినా. ఈ రోజుకు కాదేమో."

ఆమె ఫోను పెట్టేసింది. కిటికీ అద్దం మీద వాన చప్పుడు. తెర మీద కర్సరు ఆరిపోతూ వెలుగుతోంది...

లేచి వెళ్లిపోవచ్చు. ఆమె వెళ్లలేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టింది.

తిన్నావా

చాలాసేపటికి ఒక వరస వచ్చింది.

తిన్నావా లేదు నువ్వు

రోజూ ఇదే మాట, ఇదే జవాబు, పదేళ్ల పాటు. కళ్లు తుడుచుకుంటూ, తప్పులు పడుతుంటే దిద్దుకుంటూ, ఆరు నెలలుగా ఎవరితోనూ అనలేని మాట కొట్టింది.

నన్ను క్షమించు

వెంటనే వచ్చింది.

నన్ను క్షమించు

అంతే. ముందూ వెనకా ఒక్క అక్షరం ఎక్కువ లేదు. తన మాటే తిరిగొచ్చిందో, ఆయనే అడుగుతున్నాడో... దేనికి? ఆమె బల్ల మీద తల వాల్చి, ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఏడ్చింది.

తల ఎత్తేసరికి గది బాగా చల్లబడింది. నీటి అడుగు బురద వాసన. ఆయన్ను ఊరడించాలనిపించింది.

పాప బాగుంది. మధ్యాహ్నమే బడి నుంచొచ్చి పడుకుని ఉంటుంది

ఈసారి అక్షరాలు ఒక్కొక్కటిగా, తడుముకుంటున్నట్టు వచ్చాయి.

పాప బాగుంది

ఆగింది. మళ్లీ...

పడుకోలేదు

ఆమె మోడెము తీగ పీకేసింది. ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తారు.

"పాప ఏం చేస్తోంది అత్తయ్యా?"

ఇప్పుడే లేచి కూర్చుందని, తల తుడుస్తున్నానని అత్తగారు చెప్పారు. మధ్యాహ్నం నుంచి గడప దాటలేదట, ఇల్లెక్కడా కారడం లేదట.

"జుట్టంతా కాదమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "నడినెత్తిన ఒక్కచోటే తడి. ఎవరో చెయ్యి పెట్టి నిమిరినట్టు. ఎంత తుడిచినా ఆరడం లేదు."