ఊరికే మోగిన అలర్ట్‌లు

సర్వర్లు బాగుచేసే ధనుంజయ, కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో షేర్ ఆటో దిగి, అడిగి అడిగి ఇల్లు కనుక్కుని, గది గడపలో నిలబడి అన్న మొదటి మాట ఇది.

"ఇదేం సర్వర్ రూమా, పచ్చళ్ల గదా?"

అనకూడని మాటే అనుకోండి. కానీ పిల్లవాడి తప్పు మాత్రం ఏముంది? ఒక మూల ఊరగాయ జాడీలు, ఇంకో మూల రంగు నూలు కట్టలు, వాటి నడుమ పీట మీద పెండ్లికూతురిలా కూర్చున్న నల్లటి పెట్టె.

"పచ్చళ్ల గదే సార్," అంది వెనక నుంచి ఒక గొంతు. "ఇంట్లో చల్లగుండేది ఇదొక్కటే. మీరు బాగుజేసేకి వచ్చింది పెట్టెనా, గదినా?"

తిరిగి చూస్తే శివలీల. చేతిలో నీళ్ల చెంబు ఉంది, మొహంలో నవ్వు లేదు. మైదుకూరు నుంచి కర్నూలు దాకా బస్సులో ఎండకు వాడిపోయి వచ్చినవాడు కదా, గటగటా తాగేశాడు. తాగుతూ చెంబు అంచు మీదుగా చూశాడు. ఆ పిల్ల కూడా చూసింది. చూసి, చూడనట్టు వైర్ల వైపు తిరిగింది.

సంగతేమిటంటే, శివలీల నాన్న ఆదెన్న నేతగాడు. పక్క గదిలోనే ఆయన గుంత మగ్గం. చుట్టుపక్కల నేసేవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. ఆ చీరలు ఫోన్‌లో చూసి ఎక్కడివాళ్లు అక్కడి నుంచే కొనుక్కునేలా వెబ్‌సైట్ కట్టింది శివలీల. ఆ అంగడి మొత్తం నడిచేది ఈ నల్లపెట్టె మీదే. మొన్న ఉగాది రోజు కొనేవాళ్లు తిరునాళ్ల జనంలా వచ్చి పడిన వేళకు పెట్టె కాస్తా ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నానికి దానంతట అదే బాగైంది. అప్పటికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు.

సంఘం పెద్ద మహానంది నెమ్మదైన మనిషే. ఆయన కూడా చెప్పేశాడు. "శ్రావణం మొదటి దినం గూడా ఇట్లే అయితే అంగడి మూసేద్దాం పాపా. చీరలు మళ్లీ షావుకార్లకే ఇచ్చేస్తాం. వాళ్లు చెప్పిందే రేటు, ఏం చేస్తాం?"

అదీ ఆ పిల్ల గుండెల మీది బరువు. ఆ బరువుతో ఉన్నదాన్ని పచ్చళ్ల గది అని ఎగతాళి చేస్తే నవ్వుతుందా?

"ఇది ఆగినంక తెలుసుకుంటే లాభం లేదు మేడం," అన్నాడు ధనుంజయ ల్యాప్‌టాప్ తెరిచి. "ఆగకముందే తెలియల్ల. మానిటరింగ్ టూల్ పెడతా."

"అంటే?"

"ఇంట్లో బాలింత ఉంటే పెద్దోళ్లు మాటిమాటికీ వచ్చి నుదురు తాకి చూస్తారే, అట్లాంటిది. నిమిషానికోసారి పెట్టెను పలకరిస్తాది. వేడి ఎంత, మెమరీ ఎంత మిగిలుండాది, డిస్క్ ఎంత నిండింది, వచ్చినోళ్లకు జవాబు చెప్తాందా లేదా. బాగుంటే పచ్చ. అలుపొస్తే పసుపు. మూలుగుతాంటే ఎరుపు. ఎరుపైతే నీ ఫోన్‌కు, నా ఫోన్‌కు ఇద్దరికీ అలర్ట్ వస్తాది."

"మీ ఫోన్‌కు ఎందుకు?"

"నువ్వు నిద్రపోతే?"

"నేను నిద్రపోను."

"నేనూ పోను. ఇంగ ఇద్దరం మేలుకొనుందాం."

ఆ మాటకు శివలీల నవ్వు రాకుండా పెదవి బిగపట్టింది. లోపల మగ్గం మీద ఆదెన్న దగ్గాడు.

సాయంత్రానికి టూల్ పని మొదలుపెట్టింది. తెర మీద పచ్చటి చుక్కలు వరసగా వెలిగాయి. శివలీల ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వచ్చి చూసింది. "ఇన్నాళ్లూ ఇది లోపల ఏమనుకుంటాందో తెలియక చచ్చినాను సార్," అని అప్పుడు నవ్వింది. ధనుంజయ తిరిగి మైదుకూరు బస్సెక్కాడు గానీ, మనసు దారిలోనే ఎక్కడో దిగిపోయింది.

ఇక అక్కడ మొదలైంది చిక్కు. టూల్ మంచిది, పెట్టిన చేయి మంచిది. దాంతో ఏ చెడూ జరగలేదు. చెడు జరగకపోతే అలర్ట్ రాదు. అలర్ట్ రాకపోతే ఫోన్ చేయడానికి సాకు లేదు. తెర మీద ఆ పచ్చ చుక్కలు చూసి చూసి పిల్లవాడికి ఒళ్లు మండిపోయింది. పని బాగా చేసినందుకు ఏడ్చినవాణ్ని ఎక్కడైనా చూశారా?

ఓపిక పట్టలేక ఒకరోజు సెట్టింగుల్లోకి వెళ్లాడు. డిస్క్ దాదాపు నిండితే రావలసిన అలర్ట్‌ను, పావు నిండగానే వచ్చేలా మార్చాడు.

ఆ సాయంత్రమే ఫోన్. "శివలీలా, డిస్క్ అలర్ట్ చూసినావా?"

"చూసినా. యాడ నిండింది? బండెడు ఖాళీ ఉండాది."

"అయినా జాగర్తగుండల్ల కదా. అన్నం తిన్న్యావా?"

"డిస్క్‌కూ అన్నానికీ ఏం సంబంధం అప్పా?"

"రెండూ నిండల్ల."

పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాడు మెమరీకి కూడా అదే వైద్యం చేశాడు. ఇక రోజూ సాయంకాలం ఆ పిల్ల పని ముగించే వేళకు ఏదో ఒక అలర్ట్ మోగడం, వీడు ఫోన్ చేయడం, పెట్టె సంగతి ఒక ముక్క, తక్కిన సంగతులు ముప్పాతిక. తన తల్లి రాజేశ్వరి పసుపు తోట గురించి వాడు చెప్పేవాడు. కొత్త చీర అంచుకు ఏ రంగు కలుపుతున్నారో ఆ పిల్ల చెప్పేది. బయట రెండు చినుకులు పడితే చాలు, "మీ ఊర్లో వానా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగేవాళ్లు. ఆ సీమలో చినుకు పడడమంటే చుట్టం వచ్చినంత సంబరం కదా.

అయితే శివలీల అమాయకురాలు కాదు. ఒకరోజు అంది, "ఏమప్పా, ఈ అలర్ట్‌లన్నీ ఉత్తుత్తివే. శానా విసుగొస్తాండాది. మ్యూట్‌లో పెట్టేస్తాండా."

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుపడి మింగేశాడు.

శ్రావణం మొదటి రోజు వచ్చింది. వరలక్ష్మి వ్రతానికి చీరలు కొనుక్కునే ఆడవాళ్లంతా ఎదురుచూస్తున్న రోజు. శివలీల తెల్లవారగానే సంఘం హాలుకు పోయింది, ప్యాకింగ్ పనికి. ధనుంజయ మైదుకూరులో తెర ముందు కూర్చున్నాడు. అమ్మకం ఇంకా మొదలే కాలేదు, వేడి చుక్క పసుపైంది. చూస్తుండగానే ఎరుపైంది. ఇది వాడు మార్చిన డిస్క్ కాదు, మెమరీ కాదు. ఇది నిజం ఎరుపు.

శివలీలకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? దండిగా అబద్ధాలు పంపినవాడి నిజాన్ని ఎవరు పట్టించుకుంటారు? గత్యంతరం లేక ఆదెన్నకు చేశాడు.

"పెద్దాయనా, నేను ధనుంజయను. శివలీల ఫోనెత్తలేదు. పెట్టె కాగిపోతాండాది."

"పాప సంఘం కాడ ఉంటాది నాయనా. మెసేజీ పంపు."

"పంపినా చూడదు. నా అలర్ట్‌లు మ్యూట్‌లో పెట్టింది."

"ఎందుకు?"

ఆ పిల్ల కన్నతండ్రి ముందు, ఫోన్‌లో, అదీ ఈ గత్తరలో చెప్పవలసిన మాటా ఇది? కానీ చెప్పకపోతే ఆయనా నమ్మడు.

"నేను ఉత్తుత్తి అలర్ట్‌లు పంపినా పెద్దాయనా. పాపతో మాట్లాడేదానికి వేరే సాకు లేక."

అవతల ఆదెన్న ఒకసారి దగ్గాడు.

"సరే," అన్నాడు ఆదెన్న చివరికి. "ఆ పంచాయితీ తర్వాత. ఇప్పుడేం చేయల్ల?"

"పెట్టె మీద చెయ్యి పెట్టి చూడు, ఎంత కాలుతాందో."

"చెయ్యెట్ల పెడతా? దాని మీద దుప్పటుండాది కదా."

"దుప్పటా? ఎవరు కప్పినారు?"

"నేనే. నిన్న అమావాస్య కదప్పా. అమావాస్యకు మగ్గం నేయకూడదు. గుడ్డ కప్పి సెలవిస్తాం. మర్నాడు తలకు పోసుకొని, దీపం పెట్టి తీస్తాం. అది గూడా నెలంతా మా కోసరం కష్టపడతాందే, దానికొక్కదానికీ సెలవు లేకపోతే ఎట్లని దానికీ కప్పుతా."

ధనుంజయ గబగబా పాత లెక్కలు వెనక్కి తిప్పాడు. నెలకోసారి, అమావాస్యకు, పెట్టె వేడెక్కుతూనే ఉంది. వాడు కర్నూలు ఎండ అనుకుని వదిలేశాడు. ఉగాది కూడా అమావాస్య మర్నాడే కదా! ఆ రోజు పండుగ తలంట్లు ఆలస్యమై ఉంటాయి, మధ్యాహ్నం దుప్పటి తీయగానే పెట్టె బాగై ఉంటుంది. అమావాస్యనాడు ఆ గదిలోకి ఎవరూ పోరు, మర్నాడు తెల్లవారితే శివలీల హాలులో ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?

ఇంకొకడైతే పగలబడి నవ్వేవాడు. లేదా అరిచేవాడు. వీడికి రెండూ రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. జీతం తీసుకుని ఆ పెట్టెను వాడు నిమిషానికోసారి పలకరించాడు గానీ, అలసిపోయి ఉంటుందని ఒక్కసారైనా అనుకున్నాడా?

"పెద్దాయనా, ఇప్పుడు దుప్పటి తీయల్ల."

"ఇల్లు కడుగుతాంటే పొద్దు పోయింది. ఇప్పుడే తలకు పోసుకొని వచ్చినా. దీపం పెట్టకుండా ఎట్ల తీసేది నాయనా?"

అమ్మకం మొదలవడానికి ఇంక కాసేపే ఉంది. ఎర్ర చుక్క కొట్టుకుంటోంది. ధనుంజయ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"పెట్టు పెద్దాయనా. పెట్టే తీయి. నేను లైన్లోనే ఉంటా."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. ఏదో గొణిగిన చప్పుడు వినిపించింది. ధనుంజయ తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. తర్వాత గుడ్డ జారిన చప్పుడు, ఆ వెంటనే గుయ్యిమని ఫ్యాను ఊపిరి. ఎరుపు పసుపైంది. పసుపు పచ్చబడింది. అప్పుడు తెరుచుకుంది అంగడి. పొద్దు వాలేదాకా చీరలు పోతూనే ఉన్నాయి, పెట్టె ఒక్కసారి కూడా తడబడలేదు.

సాయంత్రం శివలీల ఫోన్ చేసింది.

"నాన్న అంతా చెప్పినాడు."

"అంతానా?"

"అంతా. ఫోన్ చేయాలనుంటే చేయల్ల. పెట్టెకు జ్వరమని దొంగమాటలేంది? ఈ పొద్దు అది ఆగిపోయింటే ఎన్నిండ్ల కూడు పోయేదో తెలుసా? తమాషానా నీకు?"

"తప్పు నాదే. అన్నీ సరిజేస్తా," అన్నాడు వాడు. ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత సాయంకాలం ఫోన్లు లేవు. అలర్ట్‌లన్నీ ఎక్కడుండాలో అక్కడ పెట్టేశాడు. పచ్చ చుక్కలు పచ్చగానే ఉన్నాయి. వాటిని చూస్తూ వాడు సగమైపోయాడు.

కొన్నాళ్లకు మహానంది శివలీలను పిలిచాడు. "పాపా, ఆ మైదుకూరు పిల్లోడు నాకు ఫోన్ చేసినాడు. ఆదెన్న దుప్పటి మాన్పించొద్దంట. అమావాస్యకు అంగడే మూసేద్దాం, పెట్టెను పూర్తిగా ఆపేసి కప్పుకోండి, మర్నాడు దీపం పెట్టినంకనే తెరుద్దాం అంటాడు. నాకైతే బాగుండాది. నువ్వేమంటావు?"

దుప్పటి కప్పొద్దు అని ఒక్క మాట చెబితే వాడికి పని సులువు. అలా చెప్పలేదు వాడు. శివలీలే కూర్చుని వెబ్‌సైట్ మీద రాసింది: "ఈ రోజు అమావాస్య. మా మగ్గాలకు సెలవు. రేపు దీపం పెట్టాక రండి." రాసినదాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.

శ్రావణ అమావాస్య వచ్చింది. పెట్టె ఆగింది, ఫ్యాను ఆగింది, టూల్‌కు కూడా సెలవిచ్చారు. మగ్గం గదిలో చప్పుడు లేదు. అలాంటి పూట గడపలో నిలబడ్డాడు ధనుంజయ.

"ఏం చెడిపోయిందని వచ్చినావు?" అంది శివలీల.

"ఏం చెడిపోలే."

"మరి?"

"ఫోన్ చేయాలనుంటే చేయల్ల అన్న్యావు కదా. చూడాలనుంటే రావల్ల అనుకున్నా. ఈ పొద్దు నా దగ్గర ఏ సాకూ లేదు శివలీలా. నువ్వంటే నాకు..."

"ఓ నాయనా!" లోపల నుంచి ఆదెన్న కేక. "అమావాస్య పూట ఆ మాటలెత్తొద్దు. రేపు మాట్లాడదాం. ముందు కాళ్లు కడుక్కో."

భోజనాల దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వాన గురించి మాట్లాడుకున్నారు, పసుపు గురించి మాట్లాడుకున్నారు. శివలీల అడక్కుండానే మళ్లీ మళ్లీ వడ్డించింది. తిన్నాక ఆదెన్న చేయి తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు:

"మగ్గం లేని ఇంటి పిల్లోడివి. ఆ దినం నీకెంత తొందరుండిందో నాకు తెలుసు. నేను దీపం పెట్టేదాకా నిలబడినావు. దండం నాయనా."

"నేనే నీకు పెట్టల్ల పెద్దాయనా," అని కాళ్లకు వంగాడు ధనుంజయ. ఆయన లేపి భుజం తట్టి, "ఈ పొద్దు మహానంది ఇంట్లో పడుకో. మీ అమ్మను రేపు పొద్దున బస్సుకు రమ్మను," అని మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు.

ధనుంజయ అక్కడే నిలబడి తల్లి రాజేశ్వరికి ఫోన్ కలిపాడు. "అమ్మా, రేపు పొద్దున్నే కల్లూరికి రా."

"ఏమైందిరా? ఒంట్లో బాగలేదా?"

"అంతా బాగుండాది మా."

"బాగుంటే నేనెందుకురా అంత దూరం?"

వాడు మగ్గం గది వైపు చూశాడు. అమావాస్య కదా, చెప్పకూడదు. శివలీల ఇక ఉండబట్టలేక వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బాగుండాదనే రమ్మంటాండాము, అత్తా!"

లోపల ఆదెన్న గట్టిగా దగ్గాడు. వినలేదన్నట్టుగా.