గుడ్డ రాని మగ్గం

"కార్డు మిషన్ నిలిచిపోయినాదబ్బా. బిరీన రాల్ల."

హిందూపురంలో వ్యాయామ యంత్రాల అంగడి ఒకటుంది. అందులో సేల్సు, సర్వీసు, సంజాయిషీ మూడూ చూసుకునేవాడు కుళ్లాయప్ప. ఆ సోమవారం పొద్దున అతనికి వచ్చిన మొదటి ఫోను ఇది. 'కార్డియో మిషన్లు ఇంటికే వచ్చి బాగుచేస్తాము' అన్న కాగితాలు ధర్మవరం పేపర్లలో పెట్టించి రెండు రోజులైంది. పెద్దాయన నోట్లో 'కార్డియో'కు 'యో' జారిపోయిందనుకున్నాడు.

"ఏమైంది పెద్దనాయనా?"

"తొక్కితే పైకి లేయల్యా."

"కరెంటుదా, కాలితో తొక్కేదా?"

"కాలితోనే."

"దినానికి ఎంతసేపు తొక్కుతారు?"

"పది గంటలు. పెండ్లిండ్ల కాలమైతే పన్నెండు."

కుళ్లాయప్ప టీ గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. తన దగ్గర మిషన్ కొన్నవాళ్లు పది నిమిషాలు తొక్కి, పదో రోజుకు దాని మీద తువ్వాలు ఆరేసే రకం.

"ఎన్నేండ్ల నుంచి?"

"నలభై."

కుళ్లాయప్ప గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఇంత మహానుభావుణ్ణి కూర్చుని పలకరించడం అతనికి చేతకాలేదు. స్పానర్ల సంచీ భుజాన వేసుకుని రైలెక్కి, తన సొంతూరు పెనుకొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే కూడా చూడకుండా ధర్మవరంలో దిగాడు.

తీరా చూస్తే అక్కడున్నది గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న భారీ మనిషి రామాంజినేయులు. మగ్గం నెత్తిన జకార్డు పెట్టె, దాని నుంచి దండలా వేలాడుతున్న చిల్లుల అట్టలు. చీర అంచులో నెమలి దిగాలన్నా, మామిడిపిందె కాయాలన్నా ఆ అట్టలే దిక్కు. వాటినే వాళ్లు కార్డులంటారు.

"ఇదేనా కార్డు మిషన్?" అన్నాడు కుళ్లాయప్ప నీరసంగా.

"మరి నువ్వు యా కార్డనుకున్న్యావు? రేషన్ కార్డా?"

నవ్వుతూ లోపలి నుంచి వచ్చిన అమ్మాయి పేరు నాగజ్యోతి. రామాంజినేయులు ఒక్కగానొక్క కూతురు. కంప్యూటర్‌లో చీరల డిజైన్లు గీస్తుంది. చేతిలో మౌస్, చెవి మీద పెన్సిలు, కళ్లలో మనిషిని నిలువునా చిల్లులట్ట చేసేంత పదును.

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. "కంగారు పడొద్దు మామా, ఒకసారి చూస్తా."

నాగజ్యోతి కనుబొమలు పైకి లేచాయి. "ఫోన్‌లో పెద్దనాయనా అన్న్యావంటనే? ఇప్పుడేమో మామా అంటాండావు?"

"ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేదు."

పెద్దనాయన కూతురైతే చెల్లెలవుతుంది. మామ కూతురైతే మరదలవుతుంది. వరస మార్చడానికి రెండు సెకన్లు చాలు. కుళ్లాయప్పకు ఒకటిన్నరే పట్టింది.

జకార్డు పెట్టెలో ఊడిన బోల్టొకటి అడ్డం పడి ఉంది. స్పానరుతో బిగించాడు. రామాంజినేయులు తొక్కగానే పోగులు పైకి లేచాయి. అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఆయన గుంతలోంచి పైకి లేవబోయాడు. పోగులు లేచినంత సులభంగా ఆయన లేవలేదు. ఒక పక్క కూతురు, ఒక పక్క భార్య రంగనాయకమ్మ పట్టుకుంటే, పళ్లు కొరుక్కుంటూ గట్టెక్కాడు.

"మోకాళ్లు," అంది రంగనాయకమ్మ. "పుట్టపర్తిలో పెద్ద డాక్టరుకు చూపించినాము. ఆరు వారాలు మగ్గం ఎక్కొద్దన్న్యాడు. ఆ లోపల బరువు తగ్గి, తొడల్లో బలం వస్తే సరి, లేకుంటే మగ్గం ఇంగ మర్సిపొమ్మన్న్యాడు. ఈయనేమో నిన్న్యా మొన్న్యా దొంగతనంగా దిగతాండాడు."

"మగ్గం లేకుంటే నేనెందుకు?" అన్నాడు రామాంజినేయులు, గోడ వైపు చూస్తూ. ఆ ఇంట్లో నేతా ఆయనే, నేతగాడూ ఆయనే. రెండు పదవులూ ఒకేసారి పోయేలా ఉన్నాయి.

నాగజ్యోతి నవ్వు ఆరిపోయింది. "డాక్టరు లో ఇంపాక్ట్ కార్డియో చేయించమన్న్యాడు. అట్లంటే ఏమి?"

కుళ్లాయప్పకు జీవితంలో మొదటిసారి తన ఉద్యోగం మీద గౌరవం కలిగింది.

"పరుగెత్తితే కాలు నేలకు కొట్టుకుంటాది. ఆ దెబ్బంతా మోకాలు తింటాది. దెబ్బ లేకుండా గుండెకు పని చెప్పేదే లో ఇంపాక్ట్. మా అంగట్లో ఎలిప్టికల్ అని ఒకటుండాది. పాదాలు పలకల మీద నుంచి లేవవు, చేతులు కూడా ఆడతాయి. ఆరు వారాలు ఈడ పెడతా. ఆదివారమాదివారం వచ్చి చూసి పోతా."

"ఆదివారం నీకు లీవు కదా?"

"లీవైతేనేమి, లవ్వుతో చేస్తా... అంటే, పని మీద లవ్వు."

"పేరేమన్న్యావు?"

"కుళ్లాయప్ప."

"సరిపోయింది. కుళ్లు జోకులన్నీ అందుకే వస్తాండాయి," అని లోపలికి వెళ్లిపోయింది. ఎలిప్టికల్ ఎంత లో ఇంపాక్టో, ఆ వెళ్లేముందు చూసిన చూపు అంత హై ఇంపాక్టు.

మిషన్ వచ్చింది. రామాంజినేయులు ఎక్కాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పది నిమిషాలకు దిగి, వంగి మిషన్ కిందికి చూశాడు. వెనక్కి వెళ్లి చూశాడు.

"ఏమి వెతుకుతాండావు మామా?"

"ఇంతసేపు తొక్కితిని. జానెడు గుడ్డ రాకపాయె."

"ఇది గుడ్డ రాని మగ్గం."

"గుడ్డ రాకుంటే ఎందుకు తొక్కల్ల?" అని తువ్వాలు దులిపి అరుగు మీద కూర్చున్నాడు. మర్నాడు ఎక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. నిమిషాలు, కేలరీలు, ఏమి చెప్పినా వినలేదు. పోగు కండె తిప్పే చేతులకు కండలెందుకన్నాడు.

నాగజ్యోతి ఫోన్ చేసింది. కుళ్లాయప్ప రాత్రంతా ఆలోచించి, ఆదివారం వచ్చి మిషన్ తెర మీద వేలు పెట్టాడు.

"మామా, చీర పొడుగెంత?"

"ఐదున్నర మీటర్లు."

"ఇది దూరం కిలోమీటర్లలో చూపిస్తాది. రోజూ తొక్కింది కూడుకుంటా పో. ఐదున్నర వస్తే ఒక చీర దిగినట్టు."

రామాంజినేయులు తెరను చూశాడు, తన కాళ్లను చూశాడు. "అంచు ఉండేదా, లేనిదా?"

"నీ ఇష్టం."

"ఈడ నుంచి మీ హిందూపురం ఎంత దూరము?"

"డెబ్బై ఐదుకు పైనే."

"పద్నాలుగు చీరలు," అన్నాడు రామాంజినేయులు గంభీరంగా, మిషనెక్కుతూ.

ఆ రోజు నుంచి దిగమంటే దిగలేదు. నాలుగో వారానికి పొట్ట లోపలికి పోయింది, లుంగీ ముడి ముందుకు వచ్చింది. పక్కింటి యశోదమ్మతో, "ఐదు చీరలు నేసినా," అన్నాడట. "యాడుండాయి, చూపించు," అంటే, "నా తొడల్లో ఉండాయి," అన్నాడట. యశోదమ్మ వారం రోజులు ఆ గడప తొక్కలేదు.

ఆదివారాలు మాత్రం కుళ్లాయప్పకు వారానికొకటే రావడం అన్యాయంగా తోచింది. నాగజ్యోతి అతని పక్కనే కూర్చుని గీతలు గీసేది. అతను కూర్చుని గీతలు చూసేవాడు. గీతల కంటే గీసేదాన్ని ఎక్కువ చూసేవాడు.

"ఈ డిజైన్ ఎట్లుండాది?"

"బో బాగుండాది."

"ఇంగా ఏమీ గీయల్యా. ఖాళీ గ్రాఫు అది."

"అందుకే, ఎంత నీటుగుండాది చూడు."

నవ్వు ఆపుకోవడానికి పెన్సిలు కొరికేది. ఆ నెలలో మూడు పెన్సిళ్లు అరిగిపోయాయి, ముక్కువైపు కాదు, తోకవైపు.

నాలుగో ఆదివారం ఉదయం సన్నగా వాన. నాడి చూపే పిడులెలా పట్టుకోవాలో రామాంజినేయులుకు నేర్పడానికి కుళ్లాయప్ప మిషనెక్కాడు. కదలకుండా నిలబడి పట్టుకున్నాడు. తెర మీద ఎనభై రెండు.

"ఊరికే నిలబడితే ఇంతే ఉంటాది మామా. తొక్కితేనే పెరుగుతాది."

అప్పుడే తలస్నానం చేసిన నాగజ్యోతి కాపీ గ్లాసులతో వచ్చి, అతని పక్కన నిలబడింది. తడి జడ నుంచి ఒక చుక్క అతని మోచేతి మీద పడింది.

ఎనభై రెండు తొంభై ఐదైంది. నూటా ఎనిమిదైంది. నూటా ఇరవై ఒకటైంది.

రామాంజినేయులు కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. "ఏమబ్బా, నువ్వు తొక్కనేలే. ఎందుకిట్ల పరుగెత్తుతాండాది?"

నాగజ్యోతి తలెత్తి అతణ్ణి చూసింది. ఎదురుచూస్తున్న చూపది. ఒక్క మాట చాలు. మాటల మీద మాటలు పేనే కుళ్లాయప్పకు మామ కళ్లద్దాల్లో తన ముఖం కనబడి, ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ నోటికొచ్చాయి.

"ఇది... సెన్సరు చెడిపోయింది. తప్పు చూపిస్తాంది. వానకు తేమ ఎక్కినట్టుండాది."

గ్లాసులు బల్ల మీద టక్కున పడ్డాయి.

"తప్పా?" అంది నాగజ్యోతి మెల్లగా. "అయితే తీస్కపో. మా నాయనకు తప్పు చూపించే మిషన్ వద్దు."

"అదే కదా," అన్నాడు రామాంజినేయులు. "బాగు చేసుకోని తేపో."

డాక్టరు పిలిచిన రోజుకు ఇంకా రెండు వారాలు కూడా లేదు. బాగున్న మిషన్‌ను బాగుచేయడానికి కుళ్లాయప్ప ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని హిందూపురం వెళ్లాడు. అంగడి యజమాని పిడులు పట్టుకుని చూసి, "డెబ్బై ఆరు. సరిగానే ఉండాది కదప్పా?" అన్నాడు. మిషన్ గుండె మంచిదే. చెడ్డది దాన్ని నిందించినవాడిది.

మిషన్ లేకున్నా మామ కాళ్లు ఆగకూడదని, ఇంట్లోనే చేసే వ్యాయామాలు రాసి పంపాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఇరవైసార్లు లేవాలి. గోడకు చేతులు ఆనించి పదిహేనుసార్లు వంగాలి. నిలబడ్డచోటే ఐదు నిమిషాలు మోకాళ్లెత్తి నడవాలి. చివర, 'గోడకు చెవులుంటాయి, మామ చేతులు కూడా ఉండనీ,' అని ఒక జోకు కలిపాడు.

'సరే,' అని వచ్చింది.

రెండో రోజు ఇంకో జోకు. 'సరే.' మూడో రోజు జోకు లేకుండా, 'నువ్వెట్లుండావు?' అని. 'సరే.' ఎలా ఉన్నావంటే సరే అనే అమ్మాయికి కోపం లేదనుకునేంత అమాయకుడు కాదు అతను.

తొమ్మిదో రోజు పొద్దున పెద్ద మెసేజే వచ్చింది. 'నాయన కుర్చీలోంచి ఆరుసార్లే లేచినాడు. గుడ్డ రాని పని వద్దంటాండాడు. నాలుగు రోజుల్లో డాక్టరు దగ్గరికి పోవాల. మిషన్ యప్పుడు బాగైతాది?'

ఆరు అనే ఆ అంకె కుళ్లాయప్ప మనసులో ఆరని మంటై కూర్చుంది. బాగైందని చెప్పి మిషన్ దించి రావచ్చు. అప్పుడు ఆ నూటా ఇరవై ఒకటి ఎప్పటికీ తప్పుగానే మిగిలిపోతుంది. ఆ మాటను నాగజ్యోతి మర్చిపోదు.

గంటలో ట్రాలీ ఆటో బయల్దేరింది. దారిలో పెనుకొండ కోట కొండ కనిపిస్తే దండం పెట్టుకున్నాడు. ఏ దేవుడికన్నది అతనికే తెలియదు.

ధర్మవరంలో దిగి, మిషన్ ఆటోలోనే ఉంచి, గడప బయటే నిలబడ్డాడు.

"మామా, దీన్ని బాగుచేయల్యా. ఇది చెడిపోనేలేదు. ఆపొద్దు అది చూపించింది నిజం. జ్యోతి వచ్చి పక్కన నిలబడింది, నా గుండె పరిగెత్తింది. నీకు భయపడి తప్పు దాని మీద తోసేసినా. దాని వల్ల నీకు తొమ్మిది రోజులు పోయినాయి. నన్ను ఏమన్నా అను. మిషన్ మాత్రం దించుకో."

ఒక్క పన్ కూడా లేకుండా అతను ఇంత పొడుగు మాట్లాడడం అదే మొదటిసారి.

రామాంజినేయులు కుర్చీలోంచి లేచాడు. చేతులు ఆనించలేదు.

"నలభై ఏండ్లు నేసినా అబ్బీ. పోగు తెగితే మగ్గం అరవదు. నేసేవాని చేతికి తెలుస్తాది. నీకు ఆపొద్దు తెగింది, నాకు ఆపొద్దే తెలిసింది. నువ్వు ముడేస్తావా, తెగింది దాచి నేసుకుంటా పోతావా అని చూస్తాంటి. దాచి నేసింది మడత యిప్పినప్పుడు బయటపడ్తాది."

"నువ్వు... ఇప్పుడు చేతులానకుండా లేచినావు మామా!"

"దినానికి ముప్పై సార్లు లేస్తాండా. ఈ యమ్మి వదిలితే కదా."

కుళ్లాయప్ప నాగజ్యోతి వైపు తిరిగాడు. ఆమె తలుపు చాటున పెన్సిలు కొరుకుతోంది.

"ఆరుసార్లే అని రాస్తివి!"

"ముప్పై అని రాసింటే నువ్వు వస్తావుంటివా?"

"ఊరికే రమ్మంటే రానా?"

"నేను పిలిస్తే కాదు. నీయంతట నువ్వు చెప్పేకి రాల్ల," అంది. ఆ గొంతులో తొమ్మిది రోజుల కోపం, అంతకు రెండింతల ఏడుపు కలిసి ఉన్నాయి. "నన్ను చూస్తే గుండె కొట్టుకున్న్యాది తప్పంటివి. ఆ మాట ఎట్ల మింగల్ల నేను?"

కుళ్లాయప్ప తల దించుకున్నాడు. "అది తప్పు కాదు. తప్పన్నదే తప్పు."

రంగనాయకమ్మ వంటింట్లోంచి, "నాలుగు గ్లాసులు పెడతాండా కాపీ. ఆటోలో ఆయప్పకు కూడా కలిపి ఐదు," అంది. ఆ ఇంట్లో తీర్మానాలు అలాగే జరుగుతాయి.

నాలుగు రోజుల తర్వాత పుట్టపర్తిలో డాక్టరు రామాంజినేయులు మోకాళ్లు వంచి, చాపి, తూకం చూసి, దినానికి ఒక గంట మగ్గం, ఇంకో అరగంట మిషన్ అన్నాడు.

మర్నాడు పొద్దున కుళ్లాయప్ప వచ్చేసరికి మగ్గం మీద కొత్త పడుగు ఎక్కి ఉంది. రామాంజినేయులు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుంతలోకి దిగి, కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఒక కాలు తొక్కాడు. ఇంకో కాలు తొక్కాడు. రంగనాయకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ ఎక్కువైందంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

"ఈ పడుగు ఎవరిది నాయనా? ఆర్డరు యాడనుంచి వచ్చింది?" అడిగింది నాగజ్యోతి.

"ఆర్డరు లేదు. ఇన్నేండ్లలో నేసిన చీరలన్నీ ఊరోళ్ల పెండ్లిండ్లకు పోయినాయి. ఇది మాత్రం ఈ ఇల్లు దాటదు. గంటే కదా దినానికి, మూడు నెలలు పడ్తాది."

"మూడు నెలలా!" అన్నాడు కుళ్లాయప్ప. గొంతు అతని అనుమతి లేకుండానే పైకి పోయింది.

రామాంజినేయులు అతణ్ణి చూడలేదు. కూతుర్ని చూశాడు.

"ఇప్పుడే చెప్పమ్మా. పోగులు నడిచినాక మార్చేకి కాదు. కొంగుకు ఆకుపచ్చ వేసినా. మారిస్తే రంగన్నా మార్చు, లేదంటే అల్లుణ్ణన్నా మార్చు."

నాగజ్యోతి మగ్గం దగ్గరికి వచ్చి, పడుగు మీద వేలితో మెల్లగా రాసి చూసింది. తర్వాత గోడకానుకుని నిలబడ్డ కుళ్లాయప్పను పైనుంచి కిందికి చూసింది.

"రంగే మార్చు నాయనా," అంది.