చెరపని మాట

“నీకెందుకే ఆ దేశాల గొడవలు? చూడు... తోడబుట్టినదాన్ని కడసారి చూసుకునే భాగ్యం కూడా పోగొట్టుకున్నావు!”

భర్త మహీధర్ అరుపుకి, వాళ్లు వలస వచ్చిన విదేశీ పట్టణం బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఆ అద్దె ఇంట్లో పొయ్యి దగ్గరున్న జయశ్రీ చేతిలో గరిటె కింద పెట్టేసింది. డాలస్‌లో చెల్లెలు దమయంతికి కాన్సర్ ముదిరిపోయింది. బట్టలు సర్దుకుని బయల్దేరబోతుంటే, ఇంకా పరిశీలించాలంటూ అమెరికా వీసా ఆపేశారు. కారణం చెప్పలేదు. కానీ ఇంటర్వ్యూలో, “ఫేస్‌బుక్‌లో ఇది రాసింది మీరేనా?” అన్న ప్రశ్న ఆమె గుండెల్లో ముల్లై గుచ్చుకుంటూనే ఉంది...

యుద్ధంలో కూలిన ఇంటి ముందు, చచ్చిపోయిన బిడ్డను హత్తుకున్న ఒక తల్లి ఫొటో. దాని కింద జయశ్రీ రాసింది ఒక్కటే మాట: ‘బాంబుకి దారి చూపే యంత్రాన్ని చేసిన అమెరికా తెలివికి, ఈ బిడ్డ కనబడలేదా!’

“తీసెయ్ దాన్ని! నేను చేసేది అమెరికా కంపెనీలో... రేపు నా ఉద్యోగానికే ముప్పు వస్తే?”

“స్టాప్ ఇట్, డాడ్! షీ ఓన్లీ సెడ్ వాట్స్ ట్రూ!” కూతురు చరిత తల్లికి అడ్డొచ్చింది.

జయశ్రీ కన్నీళ్లతో ఫోన్ అందుకుంది. చెరిపేస్తే వీసా ఇస్తారేమో! అంతలో అదే ఫోన్ మోగింది. తెర మీద ఆస్పత్రి మంచం, ఎముకలగూడులా దమయంతి... ఫోన్ పట్టుకున్నది ఆమె భర్త సాయికృష్ణ.

“అక్కా... వీసా ఆపారని ఆ పోస్టు తీసేస్తావేమో, తీసెయ్యకే! నాకూ అలాగే రాయాలనిపించింది. ఇక్కడ టీవీ పెడితే ఎన్నికల మాటలే... మా ఉద్యోగాలు తింటున్నారు, పొండి అని. ఈయన వీసా పోతుందని నోరు కుట్టేసుకుని బతికాను. మనిద్దరిలో నువ్వైనా అన్నావు!”

“నీ దగ్గరికి రాలేకపోతున్నానే తల్లీ!”

“రాకపోయినా ఫర్లేదనను అక్కా... రావాలనే ఉంది. భయమేస్తోంది...”

మహీధర్ మొహం తిప్పుకున్నాడు.

ఆ వారమే దమయంతి కన్నుమూసింది. పుట్టింటి తరఫున పసుపు కుంకుమలతో సాగనంపాల్సిన ఒక్కగానొక్క అక్క, సముద్రానికి ఇవతలే ఉండిపోయింది! అంత్యక్రియలు వీడియో కాల్‌లో ఆమెకి కనబడేలా మహీధర్ తనే ఫోన్ పట్టుకున్నాడు.

“నన్ను క్షమించు జయా... నీ దుఃఖం కంటే నా ఉద్యోగమే ఎక్కువనుకున్నాను.”

జయశ్రీ తెర మీదికి వంగింది. అవతల ఎవరో పొరుగింటి పిల్ల, కుంకుమ అద్దిన వేలితో దమయంతి నుదుటిపై బొట్టు పెడుతోంది.

“ఇంకొంచెం పెద్దది పెట్టమ్మా!” అంది జయశ్రీ, ఏడుపు దిగమింగుతూ. “మా దమ్మికి చిన్న బొట్టు నచ్చదు...”