తడిగుడ్డలో వంద పల్లీలు

ఏం బిడ్డా, ప్రేమ కథ అనగానే ఫోన్ పక్కన పెట్టావా? పొద్దున మీ అమ్మ నీళ్లు పట్టమంటే వినపడలేదు గానీ ఇది మాత్రం బాగానే వినపడింది. సరే, విను.

మా అక్క కొడుకు విజేందర్ కట్టంగూర్‌లో మా ఇంట్లోనే ఉండి, నల్గొండ కాలేజీలో వ్యవసాయ వ్యాపారం డిప్లొమా చదివాడు. అదే క్లాసులో రామన్నపేట పిల్ల ప్రియాంక. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. మొదటి రోజే మనవాడు, మగ్గాలోళ్లకు విత్తనం సంగతి ఏం తెలుసన్నాడట.

"పండించుడు నీకెరుక. మరి అమ్ముడు ఎరుకనా?" అందట ఆమె.

ఆ రోజు నుంచి ఆమె బస్సు కదిలేదాకా బస్టాండులో నిలబడి, తన బస్సు పోగొట్టుకునేవాడు.

చివరి ఏడాది ఇద్దరికీ కలిపి ఒకటే ప్రాజెక్టు: పల్లి విత్తనాల వ్యాపారం. అమ్మే ముందు మొలక పరీక్ష చేయాలి. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, పది రోజులకు విప్పి, ఎన్ని మొలిచాయో చూడాలి. పల్లీలు నా చేనువి. గుడ్డ ప్రియాంక వాళ్ల బాపు నేసింది. విజేందర్ వంద గింజలు చుట్టి, అరుగు మీద పెట్టి స్నానానికి పోయాడు.

నా చేయి ఊరుకుంటుందా? అవి తీసేసి, దోరగా వేయించిన వంద పెట్టాను. ఒక రోజు ఏడిపించి చెబుదామనుకున్నా.

మరునాడు మూట కాలేజీకి పోయింది. సాయంత్రం వాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ప్రియాంకకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందట.

"ఎనభై మొలిస్తే ఈడనే ఉంటదంట మామా. ఇద్దరం కలిసి విత్తనాల దుకాణం పెడతం. మొలవకుంటే పోతనన్నది."

గింజలు మళ్లీ మార్చేద్దామనుకున్నా. మూటేమో కాలేజీ గదిలో తాళం వెనక ఉంది. నిజం చెబుదామని రోజూ నోరు తెరవడం, వాడి ముఖం చూసి మూసుకోవడం. చివరికి, వేయించిన గింజలను మొలిపించమని ఉప్పలమ్మ తల్లికి కోడిపుంజును మొక్కుకున్నా.

పదో రోజు తప్పు ఒప్పుకుందామని కాలేజీకి పోయాను. నేను నోరు తెరిచేలోపే ప్రియాంక గుడ్డ విప్పింది. తెల్లటి మొలకలు. విజేందర్ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఎనభై ఏడు.

నేను వంగి ఒక మొలక చేతిలోకి తీసుకున్నాను. "గవి వేయించినయి గద బిడ్డా, ఎట్ల మొలిచినయి?"

ఆమె గుడ్డ మడుస్తూ చెప్పింది. మొదటి రోజే తడుపుదామని విప్పితే కమ్మటి వాసన వచ్చిందట. వెంటనే పచ్చివి వంద పెట్టి చుట్టారట. ఇది నా పనేనని కనిపెట్టి, నన్ను ఏడిపించడానికి ఉద్యోగం మాట చెప్పి ముఖం వేలాడేయమని నేర్పింది కూడా తనేనట.

"మరి నా పల్లీలేమైనయ్?"

విజేందర్ తల దించుకున్నాడు.

"బస్టాండ్ల కూసోని ఇద్దరం తిన్నం. తినుకుంట ఈయన మనసుల మాట చెప్పిండు. మొలకలు చూసినంక జవాబు చెప్తనన్న." ప్రియాంక మడిచిన గుడ్డను సంచిలో పెట్టింది. "పల్లీలు మంచిగనే ఉండె. జర ఉప్పు తక్కువైంది, మామా."

అప్పటిదాకా నన్ను అంకుల్ అనే పిల్ల. జవాబు నాకంటే ముందు మావాడికే అర్థమై, చటుక్కున తల ఎత్తాడు.

పుంజు మాత్రం పోయింది బిడ్డా. మొలకెత్తినవి పచ్చివేనంటే ఆ తల్లి ఒప్పుకుంటుందా?