వస్తువైతే స్టక్, మనిషైతే ట్రాప్డ్

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, పిలిస్తే అవతలివాళ్ళు పలక్కపోవడం.

పాప పక్క గదిలో ఆడుకుంటూ కాసేపు చప్పుడు చెయ్యకపోతే చాలు, నా ప్రాణం గిలగిల్లాడుతుంది. "ఉన్నావా బుజ్జీ?" అంటాను. "ఉన్నా" అంటుంది. రెండు గిన్నెలు కడిగి మళ్ళీ అడుగుతాను. అది కడుపులో ఉండగా వాళ్ళ నాన్న ఒకరోజు పనినుంచి అలిసొచ్చి పడుకున్నాడు. అన్నానికి లేపితే పలకలేదు. అప్పట్నుంచీ ఇంతే.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే తల్లీ" అంటుంది అత్తయ్య. కొడుకు పోయాక నన్ను కూతుర్లా తన దగ్గరే ఉంచుకున్న మనిషి.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన నాకు ఫ్లాట్ల కంప్లైంట్ రూములో ఉద్యోగం దొరికిందంటే, ఆ ఫ్లాట్లవాళ్ళకి ఏళ్ళ తరబడి బట్టలు కుట్టిన అత్తయ్య చలవే. ఫోనెత్తాలి, ఎవరింట్లో ఏం పాడయిందో విని రిపేరు మనిషికి చెప్పాలి. పాపను వెంట తెచ్చుకోనిచ్చారు. చిక్కల్లా ఒక్కటే, ఫోన్లన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. ఏదో దేనికో అడ్డం పడిందన్నంత వరకు అర్థమయ్యేది. అడ్డానికి నాకు తెలిసిన ఇంగ్లీషు ముక్క బ్లాక్. అందరికీ అదే తగిలించేదాన్ని.

మొదటి వారంలోనే ఒకతను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. భుజం మీద, మురుగు పైపుల్లోకి దూర్చే పొడవాటి ఇనప స్ప్రింగు చుట్ట. నెత్తిమీంచి కారుతున్న వాన నీళ్ళు.

"కంప్లైంట్ మేడమ్ మీరేనా?"

"అవునండీ."

"పార్కింగులో బ్లాక్ అయిందని కబురు చేశారు. ఇంత బరువు మోసుకుంటూ వానలో వెళ్ళాను. తీరా చూస్తే, ఒకాయన కారుకి ఇంకొకాయన కారు అడ్డం పెట్టాడు. ఈ స్ప్రింగు ఏ కారులో ఎక్కడ దూర్చాలో చెప్తే, దూర్చేసి పోతాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, అతను మాత్రం కంగారుపడి చుట్ట కిందకి దించేశాడు.

"అయ్యో, ఏడవకండి. కొత్తలో నేనూ లిఫ్ట్ ఆగిపోయిందంటే సింకు పొడిచే కర్ర పట్టుకెళ్ళినవాణ్ణే."

బల్ల కిందనుంచి పాప తల బయటపెట్టి, "స్ప్రింగు!" అంది. అంతే, ఆ రోజునుంచి అతని పేరు అదే.

ఆ తర్వాత ఇంటర్‌కమ్‌లో నాకు పాఠాలు మొదలయ్యాయి. ఒక ఫ్లాటు పని అయ్యి ఇంకో ఫ్లాటుకు వెళ్ళేలోపు ఫోన్ చేసేవాడు.

"సింకులో నీళ్ళు దిగట్లేదు. ఏమంటారు?"

"బ్లాక్డ్."

"తలుపు బిగుసుకుపోయింది?"

"జామ్డ్."

"మెట్లకి అడ్డంగా సోఫా పెట్టేశారు?"

"అబ్... అబ్‌స్ట్ర... నోరు తిరగట్లేదండీ!"

"అబ్‌స్ట్రక్టింగ్. మరి హిండర్ అంటే?"

"ఏమో."

"పూర్తిగా ఆపరు, అలాగని సాగనివ్వరు. నేను పైపు విప్పుతుంటే పక్కన నిలబడి సలహాలిచ్చే మూడో అంతస్తు అంకుల్‌గారు లేరూ, అదన్నమాట."

"ప్రివెంట్ అంటే?"

"ఏదీ జరగకముందే ఆపడం. పొద్దస్తమానం మీరు పాపని పిలుస్తూ చేసేది."

"వెక్కిరిస్తున్నారా?"

"లేదండీ." గొంతు తగ్గింది. "నన్నూ అలా పిలిచేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండనుకుంటున్నా."

నేను రిసీవరు తీగ వేలికి చుట్టుకున్నాను.

"ఇంకొక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి" అన్నాడు తనే. "వస్తువు ఇరుక్కుంటే స్టక్. మనిషి ఇరుక్కుంటే ట్రాప్డ్. మన మెయిన్ ఆఫీసు సంగతి మీకు తెలీదు. స్టక్ అంటే రేపు చూద్దామంటారు. ట్రాప్డ్ అంటే పరుగెత్తుకొస్తారు."

అప్పట్నుంచి అతను భవనం అడుగున ఉన్న పంపు గదిలోకి దిగే ముందు, "దిగుతున్నా మేడమ్" అని చెప్పేవాడు. కాసేపాగి నేను అతని సెల్‌కి చేసి "ఉన్నారా?" అనేదాన్ని. "ఉన్నా." ఇంకాసేపాగి మళ్ళీ.

ఇది విన్న అత్తయ్య, "ఇదివరకు ఒక బుజ్జి. ఇప్పుడు మీసాల బుజ్జి ఒకడు తయారయ్యాడు" అంది. నేను చెవులు వినపడనట్టు నటించాను.

ఒకరోజు సాయంత్రం పాపకి వైరు ముక్కతో పిట్ట చేసిస్తూ, నావైపు చూడకుండా అడిగాడు. "ఓసారి మీ ఇంటికొచ్చి అత్తయ్యగారితో మాట్లాడనా?"

"వద్దు" అన్నాను చప్పున.

"నేను నచ్చలేదా?"

"పిలిచి పిలిచి బతుకుతున్నదాన్ని. ఇంకో మనిషిని కూడా పిలుచుకుంటూ కూర్చునే ధైర్యం నాకు లేదు. వదిలెయ్యండి."

అతను పిట్టని పాప చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు చెప్పకుండానే పంపు గదిలోకి దిగాడు. వాచ్‌మన్ చెప్తే తెలిసింది. నేనూ అడగకూడదనుకున్నాను. పాప వైరు పిట్టని బల్లమీద గెంతిస్తూ, "స్ప్రింగుని పిలవ్వా అమ్మా?" అంది. ఇక ఆగలేక అతని సెల్‌కి చేశాను.

"ఉన్నారా?"

గరగరమని లైను తెగిపోయింది.

పాపని చంకనేసుకుని మెట్లు దిగాను. పంపు గది ఇనప తలుపు కిందనుంచి నీళ్ళు బయటికి పాకుతున్నాయి. గడియ పట్టి గుంజాను. కదల్లేదు. అరచేతులతో బాదాను.

"ఉన్నారా? పలకండి!"

"మేడమ్?" నీళ్ళ హోరులోంచి సన్నగా వినిపించింది. "పైపు పగిలింది. తలుపు బిగుసుకుపోయింది. నా ఫోన్ తడిసిపోయింది. నడుం దాకా వచ్చాయి నీళ్ళు!"

తలుపు పక్కన గోడమీదున్న ఫోన్ అందుకుని మెయిన్ ఆఫీసుకి చేశాను. నోట సరైన మాటలే వచ్చాయి. "సర్, మ్యాన్ ట్రాప్డ్! పంప్ రూమ్! డోర్ జామ్డ్! వాటర్ కమింగ్!"

అటువైపు బద్ధకపు గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "కమింగ్, కమింగ్!"

నేను తలుపుకి చెవి ఆనించాను. "వాళ్ళొస్తున్నారు. మాట్లాడుతూనే ఉండండి."

"ఏం మాట్లాడమంటారు?"

"నిన్న అడిగింది... మళ్ళీ అడగండి."

తలుపు మీద మళ్ళీ బాదాను.

"పలకండీ!"

"పలుకుతున్నానండీ బాబూ. మురికి నీళ్ళలో నిలబడి ఇలాంటిది ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నా. మీ అత్తయ్యగారు అడ్డు చెప్తేనో?"

"నేనెందుకు చెప్తానయ్యా అడ్డు!" నా వెనకనుంచి అత్తయ్య గొంతు. నా కేకలు విన్న వాచ్‌మన్ వెళ్ళి చెప్పగానే, పక్క సందులోని మా ఇంటినుంచి సూదీ దారం చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చింది. "ముందు ఆ తలుపు అడ్డం తొలగనీ. తర్వాత తీరిగ్గా ఇంటికొచ్చి అడుగు. ఆరిన బట్టలేసుకుని మరీ రా!"

లోపల్నుంచి నవ్వు వినిపించింది. అంత నీళ్ళ హోరులోనూ ఆ నవ్వు నాకు స్పష్టంగా వినపడింది.

మెయిన్ ఆఫీసువాళ్ళు పెద్ద గునపాలతో వచ్చి తలుపు పెకలించారు. తడిసి ముద్దై వణుకుతూ బయటికొచ్చాడు. నేనడిగేలోపు పాపే అడిగేసింది.

"ఉన్నావా స్ప్రింగూ?"

"ఉన్నా బుజ్జీ" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ.

ఇప్పుడు మా ఇంట్లో నేను పిలిచేవాళ్ళు ముగ్గురు, పాప, అతను, అత్తయ్య. భయం పోలేదు. పలికే గొంతులు పెరిగాయి, అంతే.

మీ మెట్ల కింద పంపు గదిలోకో, లిఫ్ట్ గుంతలోకో ఇందాక ఎవరైనా దిగారేమో. మీ ఇంట్లోనే ఎవరైనా తలుపేసుకుని చాలాసేపటినుంచి చప్పుడు చెయ్యకుండా ఉన్నారేమో. ఈ కథని పక్కన పెట్టి ఒక్కసారి లేచి వెళ్ళండి. "ఉన్నారా?" అని పిలవండి. పలికేదాకా అక్కడే ఉండండి.