మధ్యలో పెట్టే పెట్టె

"బాబాయ్ గారూ! ఇక్కడ ఆంప్లిఫయర్లు అమ్ముతారా?"

నేను వెనక్కి తిరిగి చూశాను, మా కొట్టు యజమాని టాక్ మాస్టారేమైనా వచ్చి నిలబడ్డారేమోనని. ఎవరూ లేరు. అంటే బాబాయ్‌ని నేనే! నాకు ముప్పై ఒకటి. నిన్ననే తలకి మంచి క్షవరం కూడా చేయించుకున్నాను.

తలెత్తేసరికి గుమ్మంలో ఒకమ్మాయి. జూలై వానలో సగం తడిసిపోయి, గొడుగు దులుపుతోంది. ఎక్కడ దులుపుతోందనుకున్నారు? నేను మూత తీసి పెట్టుకున్న ఆంప్లిఫయరు పక్కనే!

"ఆగండాగండి! గొడుగు! ఆ గొడుగు బయట పెట్టండి!"

"అలా అరుస్తారేం? రెండు చుక్కలేగా పడ్డాయి."

"రెండు చుక్కలు చాలండీ దీని ప్రాణం తియ్యడానికి!"

"మరి దీనికో టోపీ పెట్టొచ్చుగా, వానాకాలం అని తెలిసి?"

కోపం రావాలి. నవ్వొచ్చింది. సియోల్‌లో, సెవున్ బజారు మూడో అంతస్తులో, మా కొట్టు మొత్తం కలిపి మంచమంత ఉంటుంది. పాత స్టీరియోలు బాగుచేసి అమ్ముతాం. అందులోకి అడుగుపెట్టే ఆడపిల్లలే తక్కువ, వచ్చి నాతో పోట్లాడేవాళ్ళు అసలే లేరు.

"ఏం కావాలో చెప్పండి" అన్నాను.

"పవర్ ఆంప్లిఫయర్. మంచిది కావాలి. చవగ్గా కావాలి."

"మంచిదా, చవకదా?"

"రెండూ."

"రెండూ అంటే పాతదే వస్తుంది."

"పాతదంటే పాడైపోయిందా?"

"నన్ను బాబాయ్ అన్నారుగా. నేను పాడైపోయానా?"

ఆ అమ్మాయి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇంకా చెప్పలేను" అంది.

పేరు ఉన్‌సోల్. ఆసుపత్రిలో నర్సు. మొదట ముక్తసరిగా మాట్లాడినా, నేను వేడి బార్లీ టీ చేతిలో పెట్టాక సంగతంతా చెప్పుకొచ్చింది.

వాళ్ళమ్మ వయసులో ఉండగా ఇంచియోన్‌లో ఒక మ్యూజిక్ టీ కొట్టులో డీజే. గాజు గదిలో కూర్చుని, జనం చీటీల మీద రాసి పంపిన పాటలు వేసేవారట. ఆవిడ గొంతు వినడానికే ఒక కప్పు టీతో మూడు గంటలు కూర్చునేవాళ్ళట కుర్రాళ్ళు. ఆ టీ కొట్లన్నీ పోయాయి. ఆవిడ ఇప్పుడు కింబాప్ కొట్టు నడుపుతున్నారు, నాచు రేకుల్లో అన్నం చుట్టి అమ్ముతారు.

"స్పీకర్లున్నాయి, రికార్డు ప్లేయరుంది. గుండ్రటి మీటలుండే ప్రీ ఆంప్ ఉంది. స్పీకర్లని మోగించే పవర్ ఆంప్ ఒక్కటే లేదు."

"ఏమైంది?"

"నేను నర్సింగు చదివాను కదా" అంది టీ కప్పులోకి చూస్తూ. "అది అమ్మితే వచ్చిందే మొదటి ఏడాది ఫీజు. ఇంటికొచ్చి చూస్తే ఒక స్పీకరు మీద పూలకుండీ, ఇంకోదాని మీద రైస్ కుక్కరు. ‘ఇప్పుడెంత పనికొస్తున్నాయో చూడు’ అంది అమ్మ. నేను తల దించుకుని గదిలోకి వెళ్ళిపోయాను. వచ్చే శనివారం అమ్మకి అరవై నిండుతాయి బాబాయ్ గారూ. ఆ రోజు మళ్ళీ పాట వినిపించాలి."

తన దగ్గరున్నది ఐదు లక్షల వొన్. మా కొట్టుకొచ్చే ఆసాములు అంతకంటే ఎక్కువ తీగల మీద తగలేస్తారు.

"ఎన్ని వాట్లుండాలి? ఫోన్లో ఐదొందల వాట్లది చూశాను."

"మీ అమ్మగారిది కింబాప్ కొట్టా, బేస్‌బాల్ మైదానమా?"

"వెక్కిరిస్తారేం? ఎక్కువుంటే మంచిదేగా!"

"వాట్ల అంకె చూడకూడదండీ. రెండు చేతులతో ఎత్తి చూడాలి. లోపలి సరుకు బరువులో తెలుస్తుంది. తరవాత చెవి. మీకు బాగా తెలిసిన పాట ఏదైనా ఉందా?"

సంచీలోంచి, మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన ఒక రికార్డు తీసింది. తను సగం తడిసింది గానీ దాని మీద ఒక్క చుక్క పడలేదు. గొడుగు గురించి అంత అరిచినందుకు సిగ్గేసింది.

మూడు ఆంప్‌లు వరసగా పెట్టాను. మొదటిది కొత్తది, నీలం దీపాలతో పెళ్ళికొడుకులా మెరుస్తోంది. ఉన్‌సోల్ దాన్ని ఒంటిచేత్తో ఎత్తేసింది. "పైన పటారం, లోన లొటారం" అని తనే అంది. రెండోది ఫరవాలేదు, కానీ ఎంత సేపు విన్నా ఏమీ గుర్తుండదు. మూడోది బూడిదరంగు జపాను పెట్టె. మూల గీరుకుపోయి, దీపమూ లేదు, అందమూ లేదు. ఎత్తడానికి ఇద్దరం కలిసి పట్టాల్సొచ్చింది.

"దీన్ని ఎవరు కొంటారండీ?"

"ఏనుగు బతికున్నా వెయ్యే, చచ్చినా వెయ్యే. కళ్ళు మూసుకోండి."

సూది రికార్డు మీద వాలింది. ఉన్‌సోల్ కళ్ళు మూసుకుంది. నేను మాత్రం తెరిచే ఉంచాను. దేవుడు నన్ను క్షమించుగాక.

పాట ఇంకా మొదలవలేదు, తను ఉలిక్కిపడింది.

"ఆవిడ ఊపిరి పీల్చుకుంది!"

"ఎవరు?"

"పాడే ఆవిడ. పాటకి ముందు. ఈ పాట కడుపులో ఉన్నప్పటినుంచీ వింటున్నాను. ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు." కళ్ళు తెరిచింది. నీళ్ళున్నాయి. "ఇదే కావాలి. కానీ బాబాయ్ గారూ, ఎడం వైపు కొంచెం పల్చగా లేదూ?"

నేను నోరు వెళ్ళబెట్టాను. రెండేళ్ళుగా నా బల్ల మీదే ఉన్న పెట్టె. నాకెప్పుడూ తట్టలేదు. మూలన సోల్డరింగు చేసుకుంటున్న టాక్ మాస్టారు కళ్ళజోడు మీంచి చూసి, "ఆ పిల్లని పనిలో పెట్టుకుని నిన్ను పంపించేస్తానురా జున్‌మో" అన్నారు.

ఎడం వైపు సరిచేయడానికి వారం పట్టింది. నిజానికి రెండు రోజుల పని. డ్యూటీ అయ్యాక తను కింబాప్ పొట్లం పట్టుకుని వస్తుంటే తొందరగా ఎవడు ముగిస్తాడు?

"అయిందా?"

"ఇంకా లేదు."

"ఇవాళ కూడా లేదా? మా వార్డులో గుండె ఆపరేషన్లే ఇంతకంటే త్వరగా అవుతాయి."

"అక్కడ రోగి కింబాప్ తెస్తాడా?"

అలా అలా శుక్రవారం వచ్చేసింది. పెట్టె కట్టి, డాబుగా చెప్పాను. "ఇది జపానుది. నూరు వోల్టులు. మన గోడలో వచ్చేది రెండొందల ఇరవై. తిన్నగా పెడితే అంతే సంగతులు. మధ్యలో పెట్టేది ఉండాలి."

"మధ్యలో పెట్టేదా? ఉందండీ, అమ్మ సొరుగులో చూశాను."

పాత డీజే గారి ఇల్లు. ఒకప్పుడు మా దేశమంతా నూటపది వోల్టులే కాబట్టి, అప్పటి సామాన్ల కోసం వోల్టులు దించే పెట్టె ఉండే ఉంటుంది అనుకున్నాను. సొరుగులో పడుతుందా అని అడగాల్సింది. సరిగ్గా అప్పుడే తను నవ్వింది. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? నాకు ఐదో విధంగా కూడా చేటైంది.

శనివారం పొద్దున పది నలభైకి ఫోను మోగింది. ఉన్‌సోల్ పంపిన ఫొటో. కింబాప్ కొట్టులో బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద మన బూడిదరంగు ఏనుగు, మెడలో ఎర్ర రిబ్బను. కింద రాసింది: ‘అమ్మని వేడినీళ్ళ స్నానాల ఇంటికి పంపేశాను. పన్నెండింటికి వస్తుంది. రాగానే స్విచ్ నొక్కుతా!’

ముచ్చటేసింది. ఫొటో పెద్దది చేసి చూశాను. ఫొటో మూలన గోడ. ఆ గోడలో ప్లగ్గు. ఆ ప్లగ్గుకి పంది ముక్కు!

పంది ముక్కంటే ఏం లేదు. చప్పిడి పుల్లల పాత ప్లగ్గుని మన గోడ రంధ్రాల్లో దూర్చడానికి ముందు తొడిగే బుల్లి తొడుగు. రెండు కన్నాలుంటాయి కాబట్టి ఆ పేరు. ఆకారం మారుస్తుందేగానీ ఒక్క వోల్టు తగ్గించదు. మధ్యలో పెట్టేదేగా మరి! ఆ పిల్ల తప్పేముంది?

ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఊఁహూఁ.

"ఇక్కడ నిలబడి ఫోనుతో కుస్తీ పడతావేంట్రా?" అని మాస్టారు బల్లకింది ట్రాన్స్‌ఫార్మరు తీసి నా చేతుల్లో పడేశారు. ఎనిమిది కిలోల ఇనప పెట్టె. "పరిగెత్తు!"

ఒకటో లైను రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. పక్కన మామ్మగారు, "ఒళ్ళో ఏంటి నాయనా, కిమ్చీ పచ్చడి జాడీయా?" అని అడిగారు. "నా బతుకండీ" అన్నాను. "అయితే గట్టిగా పట్టుకో" అన్నారు.

స్టేషన్ నుంచి వానలో పరుగు. గొడుగు తెచ్చుకోలేదు. చొక్కా విప్పి పెట్టెకి చుట్టాను. లోపలి బనియనుతో ఇంచియోన్ వీధుల్లో పరిగెడుతుంటే చేపలమ్మే ఆడవాళ్ళు ఈలలేశారు. కొట్టు తలుపు మీద చెయ్యి వేశాను.

ఫట్!

లోపల దీపాలన్నీ ఆరిపోయాయి. తలుపు తోసేసరికి కాలిన వాసన. ఉన్‌సోల్ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళమ్మ కొత్త జాకెట్టులో, తడి జుట్టుతో, ఏం జరిగిందో తెలీక చూస్తున్నారు.

"బాబాయ్ గారూ" అంది ఉన్‌సోల్. "చంపేశాను. అమ్మది మళ్ళీ నేనే పోగొట్టాను."

ఆ ‘మళ్ళీ’ నా గుండెలో గుచ్చుకుంది.

"మీరేం పోగొట్టలేదు. తప్పు నాది. మధ్యలో పెట్టేది అన్నానేగానీ పేరు చెప్పలేదు, చూపించలేదు. మీరు నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాను, చాలా?"

ఈ మాట బయటికి అనాలనుకోలేదు. అనేశాను.

అమ్మగారు నన్నూ, బనియన్నూ, ఇనప పెట్టెనూ చూశారు. వెళ్ళి గోడలోంచి పంది ముక్కు పీకి చేతిలో తిప్పి చూశారు. ఒక్కసారి పగలబడి నవ్వారు.

"ఓసి పిచ్చి మొహమా! దీన్ని పట్టుకుని ట్రాన్స్‌ఫార్మరు అనుకున్నావా? నాలుగేళ్ళు నర్సింగు చదివించానే నిన్ను!"

ఆ నవ్వుకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్యూజు బోర్డు మీట పైకెత్తగానే దీపాలొచ్చాయి. కాలిన వాసన వస్తున్న పెట్టె మూత విప్పాను. లోపల ఒక్క ఫ్యూజు నల్లబడి ఉంది. అంతే! మిగతాదంతా చెక్కుచెదరలేదు. తనొక్కటీ మాడి పెట్టెని కాపాడింది. మూత లోపలివైపు టేపుతో అంటించిన చిన్న పొట్లం. విప్పితే కొత్త ఫ్యూజు, మాస్టారి రాతతో చీటీ: ‘ప్రేమలో ఉన్నవాడు కట్టిన పెట్టె. అవసరం పడుతుంది.’

ఆ క్షణాన మాస్టారు ఎదురుగా ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. చీటీ మాత్రం గబుక్కున జేబులో దాచాను.

ఫ్యూజు మార్చాను. గోడకీ ఆంప్‌కీ మధ్య ఇనప పెట్టె పెట్టాను. ఉన్‌సోల్ రైస్ కుక్కరు దించింది, పూలకుండీ దించింది. "ఈసారి మీరే నొక్కండి అమ్మగారూ" అన్నాను.

పాడే ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

అమ్మగారు పంది ముక్కు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పాట సగంలో మెల్లగా కౌంటరు వెనక్కి వెళ్ళి, ఎత్తు స్టూలు మీద కూర్చుని, జుట్టు సవరించుకున్నారు. మాట్లాడితే అది కింబాప్ కొట్టు గొంతు కాదు. తేనె పూసినట్టుంది.

"బయట వాన. లోపల మీరు. పాటలు కోరేవారు చీటీలు పంపించండి."

చీటీలంటే ఏమున్నాయి? కింబాప్ ఆర్డరు చీటీలే. ఉన్‌సోల్ ఒకటి రాసి కౌంటరు మీదుగా తోసింది. అమ్మగారు చదివారు.

"రెండో టేబులు శ్రోత రాస్తున్నారు. ‘నాకు పాట అక్కర్లేదు. స్పీకర్లు కుండీకి పనికొస్తున్నాయని నువ్వన్న రోజు, నేను నీకు థాంక్స్ చెప్పలేదు. అప్పట్నుంచీ ప్రతి రోగికీ ఇంజెక్షను ఇచ్చేటప్పుడు మనసులో నీకే చెప్తున్నాను. ఇవాళ పైకి చెప్తున్నాను. అమ్మా, నన్ను చదివించినందుకు...’" ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ శ్రోత చేతిరాత అస్సలు బాగోలేదు. తరవాతి చీటీ!"

తరవాతి చీటీ నాది. రాసేశాక ఇచ్చేద్దామా చింపేద్దామా అని తేల్చుకునేలోపే ఆవిడ లాక్కున్నారు.

"ఒక ట్యూనా కింబాప్‌కి టిక్కు పెట్టారు. దాని కింద... ‘రెండో టేబులు అమ్మాయికి. నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవమని మనవి. ప్యో జున్‌మో.’ పాట పేరు రాయలేదు ఈ శ్రోత." గొంతు ఇంకా తియ్యగా మార్చారు. "శ్రోతల కోరిక తీర్చడం మా ధర్మం. రెండో టేబులూ?"

ఉన్‌సోల్ మొహం ఆంప్ మెడలోని రిబ్బనంత ఎర్రబడింది. నన్ను చూసింది. నేల చూసింది. మళ్ళీ నన్నే చూసింది.

"జున్‌మో గారూ."

"ఆఁ?"

"ఆ ఇనప పెట్టె తీసుకెళ్ళిపోతారా?"

"తీసుకెళ్తే పాట ఆగిపోతుంది."

"అయితే దాన్ని ఉంచెయ్యండి. చూడ్డానికి మీరు వస్తూ ఉండండి." ఆంప్ మెడలోని రిబ్బను సవరిస్తూ, "రోజూ వచ్చినా ఫరవాలేదు. మీరంటే నాకిష్టం. ఎడం వైపు బాగుచెయ్యడానికి వారం పట్టదని నాకు రెండో రోజే తెలుసు" అంది.

"పిల్లా, ముందు ఆ అబ్బాయికి పొడి చొక్కా ఇవ్వవే!" అని అమ్మగారు పాత గొంతులోకి వచ్చేశారు. పుట్టినరోజు నాచు సూపు మొదటి గిన్నె నా ముందు పెట్టారు. నేను వద్దన్నాను, పుట్టినరోజు ఆవిడది కదా. "ఎనిమిది కిలోలు మోసుకొచ్చి నా గొంతు నాకు తిరిగిచ్చావు బాబూ, మాట్లాడకుండా తిను" అన్నారు. నేను గిన్నె ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగేశాను.

మా పెళ్ళై రెండేళ్ళు. కింబాప్ కొట్టులో శనివారాలు ఇప్పటికీ చీటీలు తీసుకుంటారు, మా మాస్టారు ఇంచియోన్ దాకా వచ్చి మరీ పాటలు రాసిస్తారు. ఉన్‌సోల్ నన్ను జున్‌మో అనే పిలుస్తుంది, కోపమొచ్చినప్పుడు తప్ప. కోపమొస్తే ‘బాబాయ్ గారూ’ మొదలవుతుంది. అప్పుడు నేను చేసేదొకటే. తాళాల గుత్తి తీసి, దానికి వేలాడుతున్న పంది ముక్కుని కళ్ళకద్దుకుంటాను.