ఆలస్యానికి అసలు కారణం

“మీ నానమ్మని చంపేశాను. పర్లేదా?”

కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అడిగింది కౌన్సెలర్ అమ్మాయి. విదేశాల్లో మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళ అప్లికేషన్లు రాసి రాసి ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి.

ఎదురు కుర్చీలోని కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. “అయ్యో! పొద్దున్నే నాకు బాక్స్ కట్టిచ్చిందండీ!”

“డిగ్రీ రెండేళ్ళు లేటుగా పూర్తిచేశారు. ఎందుకని యూనివర్సిటీ అడుగుతుంది. లేటైనవాళ్ళందరికీ మా ఆఫీసులో నానమ్మలే పోతారు. జాలిగా ఉంటుందని మా సార్ పెట్టిన ఆనవాయితీ.”

“నాకు పోయింది నానమ్మ కాదండీ, లెక్కలు. మూడుసార్లు తప్పాను.”

ఆమెకి నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. వెంటనే ఒళ్ళూ మండింది. ఇతన్ని ఇప్పటికే రెండుచోట్ల కాదన్నారు. మిగిలింది ఇదొక్కటే, గడువేమో ఈ సాయంత్రమే.

“నిజం చెప్పి సన్మానం చేయించుకుందామనా? ఇదీ పోతే ఇంట్లో ఏం చెప్తారు?”

“పోతే పోనివ్వండి. ముసలావిడ ప్రాణం తీసి తెచ్చుకునే సీటు నాకొద్దు.”

మొండిఘటం. బయట వాన మొదలైంది. ఎక్కడికీ పోయే వీల్లేక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“సరే, తప్పాక ఏం చేశారు?” అంది నీరసంగా.

“ఏముంది, మళ్ళీ చదివాను. నాలాగే తప్పిన జూనియర్లు వస్తే వాళ్ళకీ లెక్కలు చెప్పాను. ఎక్కడ బోర్లాపడతారో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అందరూ గట్టెక్కారు.”

“ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!”

రాసిందంతా చెరిపేసి మొదట్నుంచీ కొట్టింది. వాన తగ్గేలోపే అప్లికేషన్ వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి అతను మళ్ళీ వచ్చాడు.

“సీటిచ్చారు. కానీ ఈ ఏడాదివి నిండిపోయాయట. వచ్చే ఏడు చేరమన్నారు.”

“ఇంకో ఏడాది లేటా!” ఆమె మొహం వాడిపోయింది. అతనికంటే తనే ఎక్కువ బాధపడుతున్నానని తెలిసి సిగ్గేసింది.

“మీరెందుకు వెళ్ళలేదు?” అడిగాడతను.

ఊరందరినీ విమానం ఎక్కించే మనిషిని ఆ మాట ఎవరూ అడగలేదు. పాత అబద్ధమొకటి నోటిదాకా వచ్చింది గానీ, ఆడే ఓపిక లేకపోయింది.

“నా డిగ్రీ కూడా లేటే. ఆఖరి పరీక్షలో భయమేసి హాల్లోంచి లేచొచ్చేశాను. ఇంట్లో జ్వరమని చెప్పాను. ఎవరైనా గుచ్చిగుచ్చి అడుగుతారేమోనని ఎక్కడా అప్లై చెయ్యలేదు.”

అతను నవ్వలేదు. కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు.

“మీ అప్లికేషన్ నేను రాస్తాను. వచ్చే ఏడు ఇద్దరం కలిసి వెళ్దాం. ఆ వానరోజు నుంచీ మీరంటే నాకిష్టం.”

“ఆఫీసులో అందరి ముందూ ఇలాగేనా చెప్పేది?” అని కసిరింది. తర్వాత కీబోర్డు అతనివైపు జరిపింది.

“ఆ పరీక్ష రోజుతో మొదలుపెట్టండి,” అంది. “నేను చెప్తాను.”